మూడో చుక్క

నవంబరు 3, సోమవారం

బావ పోయి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. చెల్లెలి ఇంటి నుంచి ఇవాళే షాపుకొచ్చాను. షట్టరు ఎత్తగానే ఎదురుగా గోడకు ఆనించి బావ ట్రక్కు పాత సైలెన్సరు కనిపించింది. సెప్టెంబరులో ఊడదీసి నేనే అక్కడ నిలబెట్టాను. దాన్ని ఎత్తుకెళ్లి లోపలి గదిలో పెట్టి తలుపు వేశాను.

రోజంతా ఒక్క బండి కిందికీ దూరలేదు. వచ్చినవాళ్లను రేపు రమ్మన్నాను. మా ఆవిడ ఫోన్ చేసి భోజనం చేశారా అంటే చేశానన్నాను. చెయ్యలేదు.

టైర్ల షాపాయన కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఇన్ని నెలలూ సొరుగులో పడి ఉంది. ఎవరితోనూ అనలేనివి దీంట్లో అనుకోవచ్చు కదా అనిపించింది. చదివేవాళ్లు లేరు కాబట్టి అబద్ధం రాయాల్సిన పనీ లేదు.

డాక్టరు గుండె అన్నాడు. నిద్రలోనే ఆగిపోయిందన్నాడు. అంత చదువు చదివినవాడు, ఆయనకు తెలియదా.

నవంబరు 4, మంగళవారం

బావ బండికి ఆ రోజు ఐదు జాయింట్లూ చూశాను. ఐదు చుక్కలు పెట్టాను.

నవంబరు 6, గురువారం

పొద్దున్నుంచీ ఆ రోజే బుర్రలో తిరుగుతోంది. రాసేస్తే పీడ వదులుతుంది.

బావది గుడ్ల వ్యాపారం. తెల్లవారకముందే కొండ మీది డిపోకు వెళ్లి, గేటు తీసేదాకా వరసలో ఆగి, గుడ్ల అట్టలు ఎక్కించుకొచ్చి ఊళ్లో దుకాణాలకు వేస్తాడు. చిన్న పెట్రోలు ట్రక్కు. ముందు రెండు సీట్లు, వాటి వెనక ఒక సన్న సీటు. గతుకు కనిపిస్తే చాలు, గుడ్డుకన్నా ముందు ఈయన గుండె పగిలేది. గుండె అని రాశాను చూడు.

అంత నెమ్మదిగా నడిపే మనిషి ఒకరోజు వచ్చి రేసు బండ్లకు వేసే పైపు కావాలన్నాడు. గుడ్ల బండికి గర్జన ఎందుకు బావా, ఆ దెబ్బకి అట్టల్లోనే గుడ్లు పిల్లలై లేస్తాయని ఏడిపించాను. ఆయన నవ్వలేదు. "చిట్టికి వినపడాలి బావా. రెండు వీధుల అవతల ఉండగానే నాన్న వస్తున్నాడని తెలియాలి, గేటు తీసి నిలబడాలి" అన్నాడు. చిట్టి వాళ్ల కూతురు, నా మేనకోడలు. ఏడేళ్లు.

సెప్టెంబరు 27, శనివారం మధ్యాహ్నం. పాత సైలెన్సరు, దాంతోపాటు పొగను శుద్ధి చేసే డబ్బా తీసేశాను. కొత్త పైపు ముందునుంచి వెనకదాకా ఐదు జాయింట్లు. పద్ధతి నాది కాదు, నాకు పని నేర్పిన పెద్ద మేస్త్రిది. ముందు అన్నీ చేత్తో వదులుగా బిగించి పైపుల్ని వరసలోకి తెచ్చుకోవాలి. తర్వాత ఒకటో జాయింటు నుంచి స్పానరుతో గట్టిగా బిగించుకుంటూ వెనక్కి రావాలి. ఆఖర్న ఇంజను వేసి, పొగ బయటికొచ్చే చివర తడి గుడ్డ అడ్డం పెట్టి, ప్రతి జాయింటుకీ సబ్బునీళ్లు పుయ్యాలి. బుడగ వచ్చిందా, అక్కడ పొగ కారుతోంది. రాలేదా, పక్కన పసుపు రంగు పెన్నుతో ఒక చుక్క. చుక్క ఉందంటే చూసినట్టు. ఇరవై రెండేళ్లలో చుక్క పడని బండి నా షాపు గడప దాటలేదు.

బావ బండికీ ఐదు చుక్కలున్నాయి. ఎవరైనా కిందికి వంగి చూసుకోవచ్చు.

నవంబరు 9, ఆదివారం

చెల్లెలింటికి వెళ్లాం. మా ఆవిడ వంటింట్లో ఉంటే చెల్లెలు నా పక్కన కూర్చుని బావ సంగతే చెప్పింది. డిపో దగ్గర వరసలో వెనకున్న డ్రైవరు మొదట చూశాడట. ఇంజను తిరుగుతూనే ఉంది, లోపల హీటరు వేసుంది, అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి, చలి మొదలైంది ఆ వారమే కదా. వరస కదిలినా ఈ బండి కదల్లేదు. వెనకనుంచి హారన్ కొట్టి కొట్టి, దిగొచ్చి తలుపు తీశాడట.

"మొహం చూశావు కదన్నయ్యా, ఎంత కళగా ఉందో. బుగ్గలు, పెదాలు ఎర్రగా. పెళ్లి రోజు కూడా అంత ఎర్రగా లేడు" అంది.

చూశాను. ఎర్రగానే ఉన్నాడు.

ఎర్రటి మొహం గురించి పెద్ద మేస్త్రి ఒక మాట చెప్పేవాడు. అది రాయను.

వచ్చేవారం నుంచి ట్రక్కు తనే నడుపుతుందట. బావే నేర్పాడు, లైసెన్సు కూడా ఉంది. డిపోలో వంతు వదులుకుంటే వేరేవాళ్లకు ఇచ్చేస్తారు, మళ్లీ దొరకదు. తెల్లవారుజామున చిట్టిని ఎవరి దగ్గర వదులుతావన్నాను. వెనక సీట్లో దుప్పటి కప్పి పడుకోబెడుతుందట, అటునుంచి అటే బడికి.

సరే అన్నాను. 

నవంబరు 12, బుధవారం

బావ వచ్చాడు.

అదే రోజు

పైన అలా రాసి పెన్ను పక్కన పెట్టి రోడ్డు మీదికి పరుగెత్తాను. టైర్ల షాపు మలుపులో అదే చప్పుడు. ముందు గొంతు సవరించుకున్నట్టు చిన్నగా, తర్వాత గేరు మార్చగానే గోడలు అదిరేలా. ఆ చప్పుడు ఈ ఊళ్లో ఇంకే బండికీ లేదు, నేనే కట్టాను. మలుపు తిరిగి వచ్చింది. చెల్లెలు నడుపుతోంది, చెయ్యి అలవాటు చేసుకుంటోందట. నన్ను చూసి చెయ్యూపింది. నేను చేతిలో గుడ్డముక్కతో వెర్రివాడిలా నిలబడ్డాను.

టైర్ల షాపాయన ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను.

నవంబరు 14, శుక్రవారం

వెళ్లి అడిగాను. ఆ పైపు తీసేసి పాతది వేస్తానమ్మా, నీకు ఆ మోత ఎందుకు, పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది అన్నాను. ముందే అనుకుని వెళ్లిన మాటలే, బాగానే చెప్పాను.

చెల్లెలు బట్టలు మడతపెడుతూ వింది. "అది ముట్టుకోకు అన్నయ్యా. బుధవారం నేను వీధి చివరికి రాగానే చిట్టి పరుగెత్తుకొచ్చి గేటు తీసింది. నెల తర్వాత అదే మొదటిసారి దాని మొహంలో నవ్వు చూడటం. దిగింది నేనని తెలిసి కూడా నవ్వింది. ఆయన చొక్కాలు ఇచ్చేస్తాను, చెప్పులు ఇచ్చేస్తాను. ఆ చప్పుడు మాత్రం ఇవ్వను."

 పాతది ఎందుకు వెయ్యాలో చెప్పాలంటే ఒకే మాట ఉంది.

జాయింట్లు ఒకసారి బిగించి వస్తే పోలా అని దారిలో అనుకున్నాను. ఎందుకు బిగించాలి? బాగున్నవాటిని బిగిస్తారా ఎవరైనా? ఇప్పుడు స్పానరు పట్టుకుని కిందికి దూరితే అక్కడేదో ఉందని నేనే ఒప్పుకున్నట్టు. చుక్కలున్నాయి. చుక్కలు ఊరికే రావు.

నవంబరు 16, ఆదివారం

ఇవాళ చేసిన పని రాయాలంటేనే సిగ్గుగా ఉంది.

రేపటినుంచి చెల్లెలు డిపోకు వెళ్తుంది కదా, బ్రేకులు, ఆయిలు చూసిపెడతానని వెళ్లాను. చూశాను. తర్వాత డ్రైవరు పక్క తలుపు లోపలి అట్ట ఊడదీసి, అద్దం ఎత్తే తీగను కత్తిరించాను. ఇప్పుడు ఆ అద్దం పూర్తిగా పైకి రాదు, రెండు వేళ్ల సందు ఉండిపోతుంది. అట్ట మళ్లీ శుభ్రంగా బిగించాను. చెల్లెలు టీ ఇచ్చింది. అద్దం పాడైంది, సామాను దొరికాక మారుస్తాను, ఈలోపు అలాగే ఉండనీ, గాలి మంచిదే అన్నాను. నా నోటికి ఎదురే లేదు.

అక్కడే ఉన్నాను, స్పానర్ల పెట్టె నా కాళ్ల దగ్గరే ఉంది. బండి కిందికి వెళ్లలేదు. వెళ్తే చూడాలి.

నవంబరు 20, గురువారం

చిట్టికి చలి కొడుతోందని చెల్లెలు ఆ సందుకు అట్టముక్క పెట్టి టేపు అంటించింది. గుడ్ల అట్ట. నీటుగా, గాలి దూరకుండా అంటించింది. చిన్నప్పటినుంచీ దానికి చేతిపని బాగా వచ్చు.

నవంబరు 23, ఆదివారం

అబద్ధం రాయాల్సిన పని లేదని మొదటిరోజు రాసుకున్నాను. వెనక్కి తిప్పి చదివాను. అందుకని సరిచేస్తున్నాను.

నాలుగు జాయింట్లు తప్పకుండా చూశాను. ఐదింటిలో ఒకటి, మూడోది అనుకుంటా, అది చూసేటప్పుడు బావ తొందరపెట్టాడు. వీధిలోవాళ్లంతా చప్పుడు వినడానికి చేరారు. టైర్ల షాపాయన కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. ఇంతమంది మధ్య మనిషికి ధ్యాస నిలుస్తుందా. అయినా చూసే ఉంటాను. చెయ్యి అలవాటు చొప్పున చేసేస్తుంది, మనకు గుర్తుండదు అంతే.

మా ఆవిడ రోజూ ఏం రాస్తున్నారని అడిగింది. సామాన్ల జాబితా అన్నాను.

నవంబరు 26, బుధవారం

మూడో జాయింటు డ్రైవరు సీటు కిందే వస్తుంది, గేరు కర్ర పక్కన. అక్కడ సందు మూసే రబ్బరు చిరిగి ఉందని, మార్చాలని బావే అన్నాడు. తర్వాత చూద్దాంలే అన్నాను.

నవంబరు 28, శుక్రవారం

నల్ల ట్రక్కులో కుర్రాళ్లు ఇద్దరు వచ్చారు. బావ బండికి కట్టినటువంటి పైపే కావాలట, ఆ చప్పుడు విని వెతుక్కుంటూ వచ్చారట. లేదన్నాను. తెప్పించమన్నారు. నేను మానేశానన్నాను. ఎందుకు మేస్త్రీ, ఊళ్లో నీ చెయ్యే నమ్మకం కదా అన్నాడు ఒకడు. వాడి మీద అరిచాను. పాపం వాడేం చేశాడు.

ఆ చప్పుడు రోజూ ఏడున్నరకు మలుపు తిరుగుతుంది. ఏడింటినుంచీ చేతిలో పని సాగదు. వినపడకపోతే భయం, వినపడితే ఇంకో భయం. మలుపు దాటి బడి వైపు పోయాక గాని ఊపిరి తీసుకోను.

డిసెంబరు 1, సోమవారం

మా ఆవిడ చెల్లెలితో ఫోన్లో మాట్లాడి పెట్టేసి చెప్పింది. చిట్టికి నాలుగు రోజులుగా బడికి వెళ్లేసరికి తలనొప్పి అట. ఇవాళ క్లాసులో వాంతి చేసుకుందట. మధ్యాహ్నానికి మామూలైపోతోందట, ఆదివారం అసలు లేదట.

కళ్లద్దాలు కావాలేమో చూపించమను అన్నాను. ఈ వయసులో చాలామందికి వస్తుంది.

డిసెంబరు 2, మంగళవారం, పొద్దున అయిదు

చుక్కలు ముందే పెట్టాను.

అదే రోజు సాయంత్రం

పొద్దున ఆ ఒక్క ముక్క రాసి స్కూటరు తీశాను. డిపోకు చేరేసరికి వరసలో పది బండ్లున్నాయి. చెల్లెలి బండి ఆరోది. బావ ఆగిన చోటు అదేనో కాదో నాకు తెలియదు, అడగలేదు. ఇంజను తిరుగుతోంది. అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. గుడ్ల అట్ట, టేపు, చెక్కు చెదరలేదు. అద్దం తుడిచి లోపలికి చూస్తే చెల్లెలు స్టీరింగు మీద తల ఆనించి ఉంది.

తలుపు ఎలా లాగానో తెలియదు. చెల్లెలు ఉలిక్కిపడి తలెత్తింది. నా ప్రాణం లేచొచ్చింది. వెనక్కి దూరి చిట్టిని దుప్పటితో సహా బయటికి లాగాను. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. చలికి కూడా పిల్లల బుగ్గలు ఎర్రబడతాయి. కాని నేను పెద్ద మేస్త్రి మాటే వింటున్నాను. పొగ పట్టి పోయినవాడు శవంలా ఉండడురా, ఎర్రగా బతికున్నవాడిలా ఉంటాడు అనేవాడు. చెంప మీద తట్టాను, ఇంకోసారి తట్టాను. చిట్టి మూలిగి కళ్లు తెరిచి, మామయ్యా తలనొప్పి అని ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ నేనూ రోడ్డు మీదే కూర్చుని ఏడ్చాను.

చెల్లెలు ఇంజను ఆపి దిగి, ఏమైందన్నయ్యా, ఎవరికేమైంది అని నా భుజం పట్టి ఊపుతోంది. నోటితో చెప్పలేకపోయాను. చేత్తో చూపించాలనుకున్నాను. చిట్టిని గాలి తగిలేలా టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి, టీ కొట్టాయన్ని అడిగి గ్లాసులు తోమే సబ్బునీళ్లు తెచ్చుకున్నాను. నా మెడలో మఫ్లరు తడిపి చెల్లెలికిచ్చి పైపు చివర అడ్డం పట్టుకోమన్నాను. పట్టుకుంది. ఇంజను వేసి కిందికి దూరాను.

ఒకటో చుక్క, ఏమీ లేదు. రెండో చుక్క, ఏమీ లేదు. మూడోదానికి సబ్బునీళ్లు పుయ్యడం ఆలస్యం, బుసబుసమంటూ నురగ పొంగింది. చేతికి గుడ్డ చుట్టి బోల్టు మీద వేళ్లు పెడితే తిరిగింది. స్పానరు అక్కర్లేదు, పిల్లల వేళ్లకు కూడా తిరిగేది.

చెల్లెలిని వంగి చూడమన్నాను. రోడ్డు మీద మోకాళ్లు ఆనించి చూసింది. ఇంజను ఆపించి, బండి కిందే పడుకుని చెప్పాను, మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేక. ఆ శనివారం పైపుల్ని చేత్తో వదులుగా బిగించి వరసలోకి తెచ్చేటప్పుడే, మళ్లీ ఎవడు కిందికి దూరుతాడు, మోకాళ్లు నొప్పి అని ఐదు చుక్కలూ పెట్టేశాను. ఎలాగూ చూస్తాను కదా అని. ఒకటి, రెండు బిగించాను. మూడోదాని మీద స్పానరు పెడుతుండగా బావ ఆగలేక ఇంజను వేసేశాడు. వీధి వీధంతా అరిచింది. నేనూ నవ్వుతూ బయటికి దొర్లాను. తర్వాత వెళ్లి నాలుగు, ఐదు బిగించాను. మూడోదానికి పక్కన చుక్క కనిపించింది. చూసేశాననుకున్నాను. సబ్బునీళ్లు అసలు కలపనే లేదు. ఆ వదులు బోల్టు బండి అదురుకి రోజూ కాస్త కాస్తగా ఊడుతూ వచ్చింది. "గుండె కాదమ్మా, నేనే" అన్నాను.

 మఫ్లరు చెల్లెలి చేతిలోనే ఉంది, నీళ్లు కారుతున్నాయి.

"ఆయన బండిలో పడుకునేవాడు కాదు, తెలుసా" అంది. "ఎంత చలైనా దిగి టీ కొట్టు దగ్గర నిలబడేవాడు. బండిలో పొగంటే భయం. నువ్వు బిగించాక నన్ను కూర్చోబెట్టి, టార్చి వేసి ఆ చుక్కలు చూపించాడు. ఐదు చోట్లా మీ అన్నయ్య చూశాడు, ఇక అద్దాలేసుకుని హాయిగా పడుకోవచ్చు అన్నాడు."

స్టేషనుకు వెళ్లి చెప్పేస్తానన్నాను.

"వెళ్దువుగాని. ముందు ఇది నా పిల్ల కూర్చునేలా చెయ్యి" అంది. చిట్టిని ఎత్తుకుని టీ కొట్టాయన ఫోన్లోనే ఆటో పిలిపించుకుని ఆసుపత్రికి వెళ్లింది. నన్ను ఎక్కమనలేదు.

పిల్లకు ప్రమాదం లేదన్నారట. మా ఆవిడ చెప్పింది. మా ఆవిడకు ఈ డైరీ ఇచ్చాను. చదివి నాకు తిరిగి ఇచ్చింది.

డిసెంబరు 4, గురువారం

స్టేషనులో చెప్పాను. రాసుకున్నారు, సంతకం పెట్టించుకున్నారు, పిలిచినప్పుడు రమ్మన్నారు. అక్కడ కూడా చుక్కల సంగతి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. చూడకుండా చుక్క ఎందుకు పెట్టారండీ అని అడిగాడాయన. దానికి నా దగ్గర మోకాళ్ల నొప్పి తప్ప జవాబు లేదు.

డిసెంబరు 6, శనివారం

చెల్లెలు అద్దాలన్నీ దించుకుని ట్రక్కు షాపుకి తెచ్చింది. మా ఆవిడ చిట్టికి తోడుగా వాళ్లింట్లో ఉండిపోయింది. వేరే మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తుందనుకున్నాను. ఎందుకు నా దగ్గరికే వచ్చిందో అడగలేదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

లోపలి గదిలోంచి పాత సైలెన్సరు, శుద్ధి డబ్బా తెచ్చి బిగించాను. వీటికీ ఐదు జాయింట్లే. గేరు దగ్గర రబ్బరు కొత్తది వేశాను, అద్దం తీగ కొత్తది వేశాను. తీగ తెగి లేదు, కోసి ఉందని చూసింది. 

పరీక్షకు తడి గుడ్డ తనే పట్టుకుంది. ఒక్కో జాయింటు దగ్గరా బుడగ రాలేదని నేను చెప్పాక గుడ్డ వదిలి, కిందికి వంగి, సబ్బునీళ్లు మళ్లీ పూయించి తన కళ్లతో చూసింది. రంగు పెన్ను నా జేబులోంచి తీసుకుని చుక్క తనే పెట్టింది. దానికి చెయ్యి సరిగ్గా అందక చుక్కలు వంకరగా పడ్డాయి.

ఐదోది పెట్టబోతూ ఆగింది. "ఇది ఇంకోసారి చూడండి మేస్త్రీ" అంది.

పుట్టిన దగ్గర్నుంచీ నన్ను అన్నయ్యా అనే పిలిచింది. చూశాను. మొత్తం ఐదూ చూశాను.

బండి వెళ్లిపోయింది. మలుపు తిరిగిందో లేదో షాపులోంచి తెలియలేదు, ఏమీ వినపడలేదు. కొత్త పైపును పాతది ఉన్న చోటే గోడకు ఆనించాను.

సాయంత్రం మా ఆవిడ వచ్చి చెప్పింది. చిట్టి వసారాలోనే కూర్చుని బొమ్మ వేసుకుంటోందట, బండి వచ్చి ఆగినా తలెత్తలేదట. గేటు చెల్లెలే దిగి తీసుకుందట.